ఉండండి, తరుగు ఎంత?

మా ఆఫీసులో ఫోనెత్తేది నేను. నా పేరు హారతి. పేరు మెత్తగా ఉంది కదా అని ఫోన్ చేసినవాళ్ళు మొదట మెత్తగానే మాట్లాడతారు, నేను నోరు తెరిచాక గానీ వాళ్ళకి సంగతి తెలియదు. భీమవరంలో జువ్వలపాలెం రోడ్డు మీద, రొయ్యల మేత బస్తాల గోడౌను పైన మా ఆఫీసు. రొయ్యలు కొనే వ్యాపారులకి చెరువు గట్టు మీద తూకాలు రాసుకునే ప్రోగ్రాం తయారుచేసి ఇస్తాం. అది సవ్యంగా నడిచిన రోజున ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆగిపోయిన రోజున అందరూ చేస్తారు. అంచేత ఆగిపోవడం గురించి ఈ జిల్లాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అయినా నేను చెప్పబోయేది వీరవేణి గురించి. మధ్యలో నేనూ వస్తాను. రాకుండా ఊరుకుంటే నేనెందుకవుతాను?

వీరవేణిది నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి వేటకెళ్తాడు. తల్లి నూకరత్నం ఆ చేపల్ని బుట్టకెత్తుకుని, బస్సెక్కి పాలకొల్లు వెళ్ళి అమ్ముతుంది. వాళ్ళ వీధిలో ఇంజినీరింగ్ చదివిన మొదటి పిల్ల వీరవేణే. సన్నగా, నల్లగా, చూపు మాత్రం సూటిగా ఉంటుంది. లెక్కల్లో దిట్ట. ఒక్కటే ఇబ్బంది, మాట పట్టేస్తుంది. నత్తి అంటారు కొందరు. నా ముందు అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

చక్కగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో ఒక మాట దగ్గర ఆగిపోతుంది. పెదవులు ఆ అక్షరం దగ్గర సిద్ధంగానే ఉంటాయి, అక్షరమే బయటికి రాదు. కాస్త ఓపిక పడితే వస్తుంది. ఆ కాస్త ఓపికే మన జనానికి లేదు. పాపం అనుకుంటారో, తొందరో గానీ, ఆ మాటని వాళ్ళే అందించేస్తారు. అందించి ఊరుకోరు, మిగతా వాక్యం కూడా వాళ్ళే పూర్తి చేసేస్తారు. వీరవేణికి అక్కడితో దారి తప్పుతుంది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. చిన్నప్పుడు బడిలో పదమూడో ఎక్కం చెప్పమంటే సగంలో మాట పట్టేసేదట. మాస్టారు మిగతా సగం గడగడా చదివేసి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనేవారట. ఎక్కం అంతా వచ్చిన పిల్ల, ఎక్కం రాని పిల్లగా బెంచీ ఎక్కేది.

భీమవరంలో కాలేజీకి వచ్చాక ఇంకో ముచ్చట. కాలేజీ గేటు ఎదురుగా చిట్టియ్య టిఫిన్ హోటల్ ఉంది. చిట్టియ్య మంచివాడే, చెయ్యి చురుకు, చెవి ఇంకా చురుకు. వీరవేణి పెసరట్టు తినేసి, ఇంకోటి కావాలని "ఇ... ఇ..." అనేసరికి, "ఇడ్లీనా అమ్మా, ఇదిగో" అని ప్లేటు పెట్టేసేవాడు. పెట్టిన ఇడ్లీ వెనక్కి ఇవ్వాలంటే మళ్ళీ మాట్లాడాలి. అంత బాధెందుకని తినేసేది. చదువుకున్నన్నాళ్ళూ తను తిన్న ఇడ్లీలన్నీ అడగనివేనని చెప్పి నవ్వుతుంది. నాకైతే నవ్వు రాదు, చిట్టియ్య మీద కోపం వస్తుంది.

కంప్యూటర్ ఎందుకు పట్టుకున్నావే అని ఒకసారి అడిగాను. "అది ఆ... ఆగుతుంది అక్కా" అంది. తెర మీద చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంటుంది కదా, మనం ఎంతసేపు ఆలోచించినా అది అలాగే ఎదురు చూస్తుంది, మధ్యలో మాట అందుకోదు అని చెప్పింది. నిజమే మరి. నేను అంతసేపు ఎదురు చూడమంటే చచ్చిపోతాను.

చదువు అయ్యాక ఇంటర్వ్యూలకి వెళ్ళింది. విజయవాడ, హైదరాబాదు, మళ్ళీ హైదరాబాదు. రాత పరీక్షల్లో ముందుండేది. ఎదురుగా కూర్చుని మాట్లాడేసరికి కథ మామూలే. వాళ్ళు మాట అందించడం, ఈమె మళ్ళీ మొదటికి రావడం, వాళ్ళు గడియారం చూసుకోవడం. అలా తిరిగి తిరిగి చివరికి మా మేడ మెట్లెక్కింది.

మా యజమాని సురేష్‌బాబు గారిది కాస్త తిక్క. ఊరంతా ఒక భాషలో ప్రోగ్రాములు రాస్తుంటే, ఈయన వయసులో ఉండగా ఎక్కడో నేర్చుకున్న స్మాల్‌టాక్ అనే పాత భాషని పట్టుకుని వేలాడుతుంటారు. స్మాల్‌టాక్ అంటే పిచ్చాపాటీ అని ఎవరో చెబితే, "ఆ మాత్రం నాకూ వచ్చు కదండీ, నా జీతం పెంచండి" అన్నాను. ఆయన పెంచలేదు. ఆ భాష వీరవేణి కాలేజీ లైబ్రరీలో ఏదో పుస్తకం చూసి సొంతంగా నేర్చుకుందని తెలియగానే ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే ట్రైనీగా తీసేసుకున్నారు. తీసుకుంటూనే ఒక షరతు పెట్టారు.

"మనది చిన్న ఆఫీసమ్మా. రాసేవాళ్ళు వేరే, చెప్పేవాళ్ళు వేరే అంటే నాకు కుదరదు. ఈ సీజను అయ్యేలోపు నువ్వు రాసింది నువ్వే కస్టమర్ ముందు నిలబడి చెప్పాలి. చెప్పావంటే ఉద్యోగం ఖాయం చేసేస్తాను. లేదంటే మాత్రం నన్నేం అనుకోకు."

"స... స..." అంది వీరవేణి.

"సరేనండీ అంటోంది" అన్నాను నేను.

వీరవేణి నా వంక ఒక్క చూపు చూసింది. తర్వాత తెలిసింది, తను చెప్పబోయింది 'సరే' కాదట, 'సమయం కొంచెం ఎక్కువ ఇవ్వండి' అనట. అప్పటికే ఆయన వెళ్ళిపోయారు.

కొలువు దొరికిందన్న కబురు తన తల్లి వీధిలో ఎవరికీ చెప్పలేదని కూడా అప్పుడే చెప్పింది. "ఖాయమైనాక చె... చెప్తానంది అమ్మ" అంది. ఇది పోతే ఏం చేస్తావే అంటే, "బుట్ట ఉంది కదా" అని నవ్వేసింది. ఆ నవ్వు వెనకాల భయం నాకు కనబడింది. 

ఇక మా ప్రోగ్రాం గొడవ చెప్పాలి. మా పెద్ద కస్టమర్ పల్లంరాజు గారు. ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యలు పట్టే రోజున గట్టు మీదే కొంటారు, ఆ పట్టడాన్నే పట్టుబడి అంటారు. ఆయన గొంతుకి ఫోన్ అక్కర్లేదు, కిటికీ తీస్తే చాలు.

"ఏమ్మా హారతీ! మీ ప్రోగ్రాం మళ్ళీ పడుకుందమ్మా!"

"ఏమైందండీ రాజుగారూ?"

"తూకాలన్నీ పోయినయ్యమ్మా! ఇందాకటి నుంచీ కొట్టినవన్నీ పోయినయ్యి! రొయ్య ఎండలో ఉంది, రైతు నా మొహం మీద ఉన్నాడు. ఇంకొక్క పట్టుబడి చూస్తాను. మళ్ళీ ఇలాగే ఆగిందంటే కాయితం మీద రాసుకుంటాను గానీ మీకో దణ్ణం!"

ఎందుకు ఆగుతోందో అందరికీ తెలుసు. తరుగు దగ్గర. చెరువులోంచి తీసిన రొయ్యకి నీళ్ళు పట్టుకుని ఉంటాయి కదా. ఆ నీటి బరువు కోసం ఒక్కో క్రేటుకి ఇంతని తీసేస్తారు, దాన్నే తరుగు అంటారు. ఎంత తీయాలనేది ముందు తేలదు. మొదటి క్రేటు కాటా ఎక్కాక, రొయ్యని చేత్తో ఎత్తి, కారుతున్న నీళ్ళు చూసి, అప్పుడు రైతూ వ్యాపారీ బేరం మొదలెడతారు. ఒక పక్క వాళ్ళు దెబ్బలాడుకుంటుంటే ఇంకో పక్క క్రేట్లు తూకం అవుతూనే ఉంటాయి. మా చెరువుల దగ్గర పద్ధతి అది, తాతల నాటి నుంచీ వేరేగా జరిగింది లేదు.

ప్రోగ్రాంకి ఈ పద్ధతి తెలియదు. అందులో అన్నీ ఆబ్జెక్టులని ఉంటాయి. అంటే ఒక్కో పనికి ఒక్కో మనిషిని పెట్టుకున్నట్టు అనుకోండి. పైన పట్టుబడి అని ఒకటి. అది లారీని పిలిచి పని చెబుతుంది, లారీ క్రేటుని పిలుస్తుంది, క్రేటు తూకాన్ని పిలుస్తుంది. తరుగు కావలసింది అట్టడుగున ఉన్న తూకానికి. తరుగు ఎంతో తెలిసేది పైన రాజుగారితో మాట్లాడే పట్టుబడికి. అడుగున ఉన్న తూకం చూసుకుంటుంది, తరుగు లేదు. అంతే, ఎర్రర్ అని కేక పెట్టి చేతిలో పని పారేస్తుంది. దాంతో పైదాకా అందరూ పారేస్తారు. రాజుగారు నాకు ఫోన్ చేస్తారు.

మా సీనియర్ ప్రసన్నకుమార్ దీనికో మందు వేశాడు. మొదట్లోనే తరుగు అడిగేసి, ఆ అంకెని పైనుంచి కిందదాకా చేతులు మారుస్తూ మోయించాడు. ఆ అంకెతో పని లేని లారీ కూడా మోయాలి, క్రేటు కూడా మోయాలి. అదైనా పోనీ అనుకుంటే, బేరమే మొదలవకుండా తరుగు ఎంతంటే ఎవరు చెబుతారండీ? కాటా దగ్గర కుర్చీలో ఉన్నాయన విసుగొచ్చి సున్నా కొట్టేశాడు. సాయంత్రం చీటీలో తరుగు లేదు, రాజుగారికీ రైతుకీ చొక్కాలు చిరిగేంత పని అయింది. ఆ ఫోనూ నేనే ఎత్తాను.

"పోనీ అందరికీ కనబడేలా ఒక చోట రాసి పెట్టేద్దాం, ఎవరికి కావాలంటే వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు ప్రసన్నకుమార్.

"ఒకేసారి రెండు చె... చెరువులు పడితే?" అంది వీరవేణి. ఒక చెరువు తరుగు ఇంకో చెరువుకి పడుతుందన్నమాట. ప్రసన్నకుమార్ తల గోక్కున్నాడు. సురేష్‌బాబు గారు ఆమె వైపు తిరిగి, "అయితే ఇది నువ్వు చెయ్యమ్మా. చేసి, రాజుగారి పట్టుబడికి నువ్వే వెళ్ళి చూపించు" అన్నారు. అదే పరీక్ష అని మా ఇద్దరికీ అర్థమైంది.

ఆ వారంలోనే నూకరత్నం గారు కూతుర్ని చూడ్డానికి మా ఆఫీసుకి వచ్చారు. సంచిలో నెత్తళ్ళ ఎండుచేపలు తెచ్చారు, వాసనకి ప్రసన్నకుమార్ కిటికీ తెరిచాడు, నేను నాలుగు గుప్పిళ్ళు అడిగి తీసుకున్నాను. తల్లీకూతుళ్ళు వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే నేనూ టీ పట్టుకుని చేరాను.

వీరవేణి ఏదో పెళ్ళి సంగతి చెబుతోంది. "ఆ పెళ్ళికి మన... మన..." అని ఆగింది. నాకు నోరు దురద పెట్టింది. "మనవాళ్ళు" అనబోయాను. నూకరత్నం గారు నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"ఉండండమ్మా" అన్నారు.

ఉన్నాను. వీరవేణి కాసేపటికి "మన పడవలో చేసే ఆయన వచ్చాడు. ఆయన పేరేంటమ్మా?" అంది.

"గణేష్‌బాబు" అన్నారు తల్లి. అంతే. ఆ పేరొక్కటి చెప్పి మళ్ళీ మౌనం. వీరవేణి ఆగిన చోటి నుంచే ఎత్తుకుని, "గణేష్‌బాబు వచ్చి పెళ్ళికొడుకు బండి తోలుకుపోయాడు" అని కథ చివరిదాకా చెప్పేసింది. మధ్యలో ఇంకో రెండు చోట్ల ఆగింది గానీ వెనక్కి మాత్రం వెళ్ళలేదు. తను అంతసేపు ఏకబిగిన మాట్లాడటం నేను అప్పటిదాకా చూడలేదు.

వెళ్ళేటప్పుడు మెట్ల మీద నూకరత్నం గారు నాతో అన్నారు. "మీరు మంచోరేనమ్మా, దానికి సాయం చేద్దారనే చూత్తారు. కానీ దాని మాట దాన్నే తెచ్చుకోనియ్యండి. అడిగితే అడిగిందే ఇయ్యండి. మిగతాది దాని దగ్గరే ఉంది."

నాకు చురుక్కుమంది. పైకి వచ్చేసరికి వీరవేణి తెర ముందు కూర్చుని టకటకా కొడుతోంది.

తను రాసింది ఏమిటో నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది, ఆగుతూ ఆగుతూ. ప్రోగ్రాంలో మామూలుగా చిక్కొస్తే పెట్టే కేకని ఎక్సెప్షన్ అంటారు. చాలా భాషల్లో కేక పెట్టినవాడు పని పారేసినట్టే, తిరిగి రావడం ఉండదు. ఈ పాత భాషలో మాత్రం ఇంకో వీలుంది. కేక పెట్టి, చేతిలో పని చేతిలోనే పట్టుకుని నిలబడవచ్చు. ఆ కేక ఒక్కో మెట్టూ పైకి వెళుతుంది. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు జవాబు ఇస్తారు. ఆ జవాబు నేరుగా కేక పెట్టిన చోటికే వచ్చి చేతిలో పడుతుంది. పని ఆగిన చోటి నుంచే మళ్ళీ నడుస్తుంది. ఒక తూకం జవాబు కోసం నిలబడినా, వెనక వచ్చే క్రేట్ల బరువులు ఎక్కుతూనే ఉండేలా రాసింది. మధ్యలో ఉన్న లారీకీ క్రేటుకీ తరుగు అనే మాటే తెలియక్కర్లేదు.

"అంటే కేక కాదు కదే అది, ప్రశ్న" అన్నాను.

"అ... అదే" అంది. కళ్ళు మెరుస్తున్నాయి.

ఆ కేకకి ఒక పేరు పెట్టాలట. తెర మీద చూపించింది. 'ఉండండి' అని పెట్టింది. ఎర్రర్ అని ఎర్రగా వచ్చే చోట ఇప్పుడు 'ఉండండి, తరుగు ఎంత?' అని వస్తుంది. ఆగండి అంటే పని మానేయమన్నట్టు ఉంటుంది కదా. ఉండండి అంటే ఎక్కడివాళ్ళక్కడే ఉండమని. నాకు భలే నచ్చింది.

నచ్చితే సరిపోతుందా? నడిపి చూస్తే మళ్ళీ ఆగింది! తెర మీద 'క్షమించండి' అని పడింది, తూకాలన్నీ హుష్‌కాకి. వీరవేణి మొహం పాలిపోయింది. మర్నాడే పట్టుబడి. మధ్యాహ్నం అన్నం మాని వెతికింది. వెతగ్గా వెతగ్గా లారీ దగ్గర దొరికింది. రాజుగారికి ఆ ఎర్రటి ఎర్రర్ కనబడకూడదని ఈ మధ్యే ప్రసన్నకుమార్ అక్కడ ఒక కాపలా పెట్టాడు. కింద నుంచి ఏ కేక వచ్చినా సరే, అదేంటో వినకుండా పట్టేసుకుని, కింద పనంతా చుట్టేసి, క్షమించండి అని చెప్పేస్తుంది. పాపం దాని ఉద్దేశం మంచిదే. తరుగు ఎంతని అడిగిన ప్రశ్న తెలిసినవాళ్ళ దాకా పోకుండా మధ్యలోనే అది మింగేసింది.

వీరవేణి నా వైపు చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటే?"

"ఇ... ఇది నువ్వే అక్కా!"

"నీ మొహం!" అన్నాను. కోపం వచ్చింది. ప్రసన్నకుమార్ కూడా ఇకిలించేసరికి ఇంకా వచ్చింది. తర్వాత నాకే నవ్వాగలేదు. ఆ కాపలాకి వీరవేణి బుద్ధి చెప్పింది. నిజంగా తప్పు జరిగితే పట్టుకో, ఎవరైనా ఏదైనా అడుగుతుంటే మాత్రం పైకి పోనీ అని. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా ప్రశ్న పైకి వెళ్ళింది, జవాబు కిందికి వచ్చింది, తూకం ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆకివీడు దాటి రాజుగారు చెప్పిన చెరువు దగ్గరికి వెళ్ళాం. వలలు లాగుతున్నారు. ఐసు దంచుతున్నారు. చెరువు రైతు భీమరాజు గారు లుంగీ ఎగ్గట్టి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. రాజుగారు తెల్లచొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. వీరవేణి కాటా పక్కన టాబ్ పట్టుకుని నిలబడింది.

"ఊఁ, చెప్పమ్మా. ఈసారి ఏం చేశారు?" అన్నారు రాజుగారు.

"ఇంతకు ముందు తరుగు తెలియకపోతే ప్రో... ప్రో..."

"ప్రోగ్రాం పడుకునేది. తెలుసమ్మా, పడుకున్నది నా నెత్తి మీదే కదా!" గట్టు మీద అందరూ నవ్వారు.

వీరవేణి మళ్ళీ మొదలుపెట్టింది. "ఇంతకు ముందు తరుగు తెలియకపోతే ప్రోగ్రాం పని వదిలేసేది. ఇప్పుడు అది ప... ప..."

"పని చేస్తుంది!" అన్నారు భీమరాజు గారు హుషారుగా.

మళ్ళీ మొదటికి వచ్చింది. "ఇంతకు ముందు..." రాజుగారు గడియారం చూసుకున్నారు. ఆ వాక్యం మొత్తం నాకు కంఠతా వచ్చు, ఒక్క నిమిషంలో చెప్పి పారేయగలను. రాజుగారు కూడా నా వైపు తిరిగి, "పోనీ నువ్వు చెప్పమ్మా హారతీ" అనేశారు. నేను చెబితే రాజుగారికి పని అయిపోతుంది. వీరవేణి ఉద్యోగం కూడా అయిపోతుంది. నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపాను. జన్మలో అంత కష్టం ఎప్పుడూ పడలేదు.

వీరవేణి తలెత్తింది. రాజుగారి వైపు అరచెయ్యి చూపించి, "ఉండండి" అంది.

ఆ మాట ఎక్కడా తొట్రుపడలేదు. రాజుగారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. ఆయన్ని ఎవరైనా ఉండమనడం ఆ గట్టు మీద ఎవరూ విని ఉండరు.

"ఇప్పుడు అది పని వదలదు. చేతిలో తూకం ప... పట్టుకునే, పైకి అడుగుతుంది." ఆగింది. ఎవరూ అందుకోలేదు. వల లాగేవాళ్ళు కూడా ఇటే చూస్తున్నారు. "మీరు బేరం తేల్చుకుని చెప్పేదాకా క్రేట్లు ఎక్కుతూనే ఉంటాయి. చెప్పగానే ఆ... ఆ..." నా వైపు తిరిగింది. "తీసేసే దాన్ని కాదక్కా, ముందే ఎక్కేసినవాటికి కూడా వేసేదాన్ని ఏమంటారు?"

"సర్దుబాటు" అన్నాను. ఒక్క మాట. అంతే. నాలిక పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

"సర్దుబాటు అదే చేసుకుంటుంది" అంది వీరవేణి, ఆగిన చోటి నుంచే.

మొదటి క్రేటు కాటా ఎక్కింది. తెర మీద 'ఉండండి, తరుగు ఎంత?' అని వచ్చింది. కాటా దగ్గరాయన అలవాటు కొద్దీ "పోయిందండోయ్!" అని అరిచాడు. ఏమీ పోలేదు. తూకం తెర మీద అలాగే ఉంది. రాజుగారూ భీమరాజు గారూ రొయ్యని ఎత్తి చూసి మొదలెట్టారు. అరకిలో అని ఒకరు, పావుకిలోకి మించితే ఒప్పనని ఒకరు, మధ్యలో వియ్యాలవారి మర్యాదలు, మేత రేట్లు, ప్రభుత్వం, అన్నీ వచ్చాయి. ఆ పక్కన క్రేటు మీద క్రేటు తూకం అవుతూనే ఉంది. చివరికి తేలింది. కాటా దగ్గరాయన ఆ అంకె కొట్టాడు. పైనుంచి కిందదాకా అన్ని తూకాలూ చిటికెలో సరిపోయాయి. రాజుగారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూశారు.

"బాగానే ఉందమ్మా. మరి మేం దెబ్బలాటలో పడి ఎవరూ చెప్పలేదనుకో?"

"ఎ... ఎవరూ చెప్పకపోతే..." అంది వీరవేణి. రాజుగారు కుర్చీ అంచుకి జరిగారు. నోరు కదిలింది గానీ మాట రానివ్వలేదు. ఎదురు చూశారు. "ఎవరూ చెప్పకపోతే మామూలుగా వేసే తరుగు వేసుకుని, పక్కన గుర్తు పెట్టి, ముందుకెళ్తుందండి. ఎవరూ పలక్కపోయినా అది మాత్రం ఆగదు."

నాకు ఏడుపొచ్చేసింది, సిగ్గేముంది. ఎండ కళ్ళలో పడిందని చెప్పి ఐసు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

రాజుగారు అక్కడి నుంచే సురేష్‌బాబు గారికి ఫోన్ చేశారు. ఆ గొంతు అవతలి గట్టు దాకా వినబడింది. "ఇకనుంచి ఈ అమ్మాయినే పంపండి! అడిగితే నిదానంగా చెప్తంది. మీ ఫోనమ్మాయి ఉందే, నన్నొక్క మాటైనా పూర్తి చెయ్యనియ్యదు!" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, ఆ పూటకి వదిలేశాను.

సురేష్‌బాబు గారు వీరవేణితో మాట్లాడతానన్నారు. తను ఫోన్ చెవిన పెట్టుకుని "స... స..." అంది. నేను నోరు కట్టుకుని గట్టు మీది చెట్టు వంక చూశాను. "సంతోషమండీ" అంది. ఆ వెంటనే తల్లికి ఫోన్ చేసింది. అవతల పాలకొల్లు బజారు రొద. "అమ్మా, ఖా... ఖా..." అని చాలాసేపు ఆగింది. అవతల నుంచి ఒక్క మాటా రాలేదు. చేపల కేకలు వినబడుతున్నాయి, ఎవరో రేటు అడుగుతున్నారు, ఆవిడ వాళ్ళకీ జవాబు ఇవ్వడం లేదు. "ఖాయమైందమ్మా" అంది వీరవేణి. అప్పుడు మాత్రం నూకరత్నం గారు బజారంతా వినబడేలా అరిచారు.

తిరిగి వస్తూ చిట్టియ్య హోటల్‌లో కూర్చున్నాం. ఇద్దరికీ ఆకలి దంచేస్తోంది. పెసరట్లు వచ్చినవి వచ్చినట్టే అయిపోయాయి. వీరవేణి చెయ్యెత్తి, "ఇ... ఇ..." అంది.

"ఇడ్లీనా అమ్మా?" చిట్టియ్య అప్పుడే ప్లేటు అందుకున్నాడు. నాకు లోపల ఉడికిపోయింది. నోరు తెరిచాను, మూసుకున్నాను.

"ఉండండి" అంది వీరవేణి.

చిట్టియ్య ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక పెనం మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది, ఎవరో బిల్లు అడుగుతున్నారు. అతను కదల్లేదు.

"ఇంకో పెసరట్టు" అంది. "అ... అల్లం వేసి."

"అయ్యో, ఇన్నాళ్ళూ ఇడ్లీ అనుకున్నానమ్మా!" అంటూ చిట్టియ్య ఆ ప్లేటు నా ముందు పెట్టేసి పెనం దగ్గరికి పరిగెత్తాడు. నేను అడగని ఇడ్లీ నేను తిన్నాను. తను అడిగిన పెసరట్టు తను తింది.